సత్తిబాబు చేలో మూడు వలయాలు

గరికలంక,
14-3-2025.

మావయ్య గారికి,

మృదుల నమస్కారాలు. కుశల ప్రశ్నలు అత్తయ్యకు వేరే కాగితం మీద రాస్తాను, ఇది మాత్రం మీకే. ఫోన్లో మీకు సగం మాటలు వినపడవు. మెసేజి పెడితే అత్తయ్య చదివి, తన సలహా కలిపి మీకు చెబుతుంది. అందుకని అయిదు నెలల తర్వాత పెన్ను పట్టుకున్నాను.

మీరు ముప్పై నాలుగేళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. మాకు ఒక సంగతి తేల్చి పెట్టాలి.

మొన్న మంగళవారం పొద్దున్న మా ఊరి సత్తిబాబు గారి దాళ్వా చేలో రెండో పంట వరి పడిపోయింది. గాలికీ వానకీ చేను పడటం ఈ కొల్లేటి ఒడ్డున కొత్త కాదు. ఈసారి గాలీ లేదు, వానా లేదు. పడింది కూడా మూడే చోట్ల, గుండ్రంగా, వరసగా. ఒక్కో వలయం ఈ చివర నుంచి ఆ చివరకు పదహారు అడుగులు. చుట్టూ చేను నిటారుగా నిలబడి గింజ పాలు పోసుకుంటోంది. లోపల మాత్రం చాప పరిచినట్టు పడుకుంది. అక్కడికి నూట యాభై మీటర్ల దూరంలో సెల్ టవర్ ఉంది, మా పెరట్లోంచి కనిపించేదే.

ఎవరో ఫోన్లో ఒక వీడియో చూశారు. విదేశాల్లో గోధుమ చేలల్లో ఇలాంటి వలయాలు పడతాయట. మైక్రోవేవ్ శక్తిని గురిపెట్టి కొడితే కాడలో నీరు వేడెక్కి, కాడ మెత్తబడి పడిపోతుందట. కణుపులు ఉబ్బి పొడుగు సాగుతాయట, అదే గుర్తట. మా ఊళ్లో పదిమంది చేలోకి దిగి కణుపులు చూశారు. ఉబ్బాయి మావయ్యా. నేనూ దిగి చూశాను.

మామూలుగా అయితే పడిన చేనును నాలుగేసి దుబ్బులు కలిపి కట్టి నిలబెడతారు. సత్తిబాబు గారు ముట్టుకోనివ్వడం లేదు. "సాక్ష్యం చెడిపోద్దండి" అని గట్టు మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. టవర్ తీసెయ్యాలని కలెక్టరు గారికి అర్జీ రాశారు. ఉగాది సాయంత్రం రామాలయంలో పంచాంగ శ్రవణం అయ్యాక ఊరంతటి ముందూ చదువుతారు. సైన్సు తెలిసినవాళ్ల సంతకం ఒకటి ఉంటే బాగుంటుందన్నారు. మా మావయ్య చేత పెట్టిస్తానని నేను మాట ఇచ్చేశాను. నన్నెవరూ అడగలేదు, నేనే ఇచ్చాను.

మా ఆయన నాగసాయి ఈ గొడవలో నోరు విప్పడం లేదు. పురుగుమందుల కొట్టు, ఇల్లు, అంతే.

ఇంకొకటి. పోయిన ఆగస్టులో నాకు మూడో నెల. టవర్ పక్కనే ఉంటున్నాం, భయంగా ఉంది, ఏలూరులో అమ్మ దగ్గరికి వెళ్లిపోనా అని మీకు రాశాను. మీరు ఒక పేజీ లెక్క వేసి, "దీనికంటే మీ వంటింటి బల్బు ఎక్కువ ప్రమాదం" అని జవాబిచ్చారు. నేను నవ్వుకుని ఉండిపోయాను. అక్టోబరులో ఏమైందో మీకు తెలుసు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, పారెయ్యలేదు.

త్వరగా రాయండి.

మృదుల

*

తాడేపల్లిగూడెం,
18-3-2025.

చిరంజీవి మృదులకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. మీ అత్తయ్య రత్నమాల గురించి నువ్వు రాసింది తనకే చదివి వినిపించాను. ఇవాళ నాకు కాఫీ ఆలస్యంగా వచ్చింది. ఇకమీద అలాంటివి కోడ్ భాషలో రాయి.

నా సంతకం నీ కొంగుముడిలో ఉందని నాకు తెలియదు సుమా. ఇంటర్ రెండేళ్లూ మా ఇంట్లో ఉండి చదువుకున్నావు. లెక్క చెయ్యకుండా జవాబు రాస్తే నేను మార్కులు వెయ్యనని నీకు బాగా తెలుసు. అర్జీ ముందు రాసి, కారణం తర్వాత వెతకడం ఏ పద్ధతి?

నాకు తోచింది చెబుతాను. ఇది సుడిదోమ అయి ఉంటుంది. ఆ దోమ చేను మొదట్లో చేరి రసం పీల్చేస్తే పంట అక్కడక్కడా గుండ్రంగా ఎండి పడిపోతుందని మా పక్కింటి విశ్వనాథ్ గారు చెప్పారు, ఆయనకు పెంటపాడులో పొలం ఉంది. ఈ దాళ్వాకు దోమ ఎక్కువగానే ఉందట. టవరుకూ దోమకూ ఏ చుట్టరికమూ లేదు.

అయినా నువ్వు వదిలిపెట్టవు కాబట్టి ఈ వివరాలు పంపించు. పడిన కాడ పచ్చగా ఉందా, ఎండిందా? కాడలు అన్నీ ఒకే వైపు పడ్డాయా, తలో వైపునా? వలయం నిజంగా గుండ్రమేనా, కోడిగుడ్డులా ఉందా? తాడు పెట్టి రెండు వైపులా కొలువు, అడుగులు వేసి కాదు. కణుపు ఉబ్బిందన్నావు, కింది వైపు ఉబ్బిందా, పై వైపా? సత్తిబాబు గారిని బతిమాలి నాలుగు కాడలు కవర్లో పెట్టి పంపు.

నాగసాయి మాట్లాడటం లేదంటే మంచిదే. మీ ఊళ్లో ఒక్కడైనా ఆలోచిస్తున్నాడన్నమాట.

ఆగస్టు ఉత్తరం సంగతి తర్వాత రాస్తాను. ఈ మధ్య కళ్లు కూడా సరిగ్గా ఉండటం లేదు, ఎక్కువసేపు రాయలేకపోతున్నాను.

ఎండలో తిరగకు.

మీ మావయ్య,
హనుమంతరావు

*

గరికలంక,
21-3-2025.

మావయ్యా,

సుడిదోమ కాదు. దోమ కొట్టిన చేను కాలిపోయినట్టు ఎర్రగా ఉంటుంది. కొల్లేటి ఒడ్డున కాపురం చేసే నాకు మీ పక్కింటాయన చేత దోమ పాఠం చెప్పిస్తారా? ఇది పచ్చగా నవనవలాడుతోంది. నాలుగు కాడలు కాదు, పది పంపుతున్నాను, లెక్కపెట్టుకోండి.

తాడు పెట్టి కొలిచాను. అటు పదహారు అడుగులు, ఇటు పదహారున్నర. కోడిగుడ్డు కాదు. కాడలు నడిమి నుంచి బయటికి పడ్డాయి, పువ్వు విచ్చుకున్నట్టు. మూడు వలయాల్లోనూ అంతే. పడిన నాలుగో రోజుకల్లా కణుపు దగ్గర వంగి, వెన్నులన్నీ తల పైకి ఎత్తాయి. ఉబ్బు కణుపు కింది వైపున ఉంది. అది చూసి ఊళ్లో వాళ్లకు మరీ నమ్మకం కుదిరింది. వీడియోలో కణుపులూ ఇలాగే వంగి ఉన్నాయి.

నిన్న టవర్ చూసుకునే మదార్ ఏలూరు నుంచి వచ్చాడు. ఊళ్లో వాళ్లు జనరేటరు గది తాళం తియ్యనివ్వలేదు. బండి తాళం లాక్కున్నారు. "నాకేం తెలుసండీ, నేను డీజిలు పోసి నూనె మార్చేవాణ్ణండీ" అంటున్నా వినలేదు. రోజాలో ఉన్న మనిషి, మంచినీళ్లు కూడా తాగడు, గంటన్నర ఎండలో నిలబెట్టారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పోనివ్వండి అనలేదు. నాకు లోపల సంతోషంగా కూడా ఉంది. ఇది మీకు కాక ఇంకెవరికీ చెప్పుకోలేను.

మీరు సగం ప్రశ్నకే జవాబు రాశారు. కళ్లు బాగాలేవని రాయడానికి మీకు సిగ్గు వెయ్యలేదా? ఆ కళ్లతోనే పెంటపాడు దోమ కబుర్లు రాశారుగా.

సూటిగా అడుగుతున్నాను. ఆ టవర్ నూట యాభై మీటర్ల దూరంలో పచ్చని చేనును పడుకోబెట్టగలిగితే, వంద మీటర్లలో పడుకున్న నాకూ, నా కడుపులో అయిదో నెల బిడ్డకూ ఏమీ చెయ్యలేదని మీరెలా రాశారు? చేనుకు అయిందంటే నాకూ అయింది. మీ లెక్క తప్పయింది. తప్పని ఒప్పుకుంటే నేను మిమ్మల్ని ఒక్క మాట అనను, మావయ్యా. ఒట్టు. ఒప్పుకుని సంతకం పెట్టండి చాలు.

పోయిన వారం నుంచి నేను కాస్త నిద్రపోతున్నాను. అన్నం తింటున్నాను. చేను పడిన దగ్గర్నుంచీ. ఎందుకో మీకు అర్థమవుతుందా?

ఉగాదికి తొమ్మిది రోజులే ఉంది.

మృదుల

*

తాడేపల్లిగూడెం,
25-3-2025.

మృదులా,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మూడు రోజులుగా ఇంట్లో ఒక చోట కూర్చోలేదు. మీ అత్తయ్య నన్ను చూసి తలుపు గడియ పెట్టుకుంటోంది, దానికి కారణం కింద రాస్తాను.

ముందు నువ్వడిగినదానికి లెక్క. ఈసారి నవ్వుతూ వెయ్యలేదు.

పదహారు అడుగుల వలయంలో పచ్చి వరి అరవై కిలోలు ఉంటుందనుకుందాం, అందులో ఎక్కువ భాగం నీరే. కాడ మెత్తబడి ఒరగాలంటే దాన్ని నలభై డిగ్రీలు వేడెక్కించాలి. దానికి కావలసిన శక్తి ఎంతో తెలుసా? మూడు యూనిట్ల కరెంటు. మూడే. మనింటి ఫ్రిజ్ రెండు రోజుల్లో వాడేంత. అది చూసి నేను పెన్ను కింద పెట్టేశాను. వేల యూనిట్లు వస్తాయని, 'అసాధ్యం' అని నీకు ఒక్క మాట రాసి పడుకుందామనుకున్నాను. మళ్లీ నాలుగు సార్లు వేశాను. మూడే వచ్చింది.

కాబట్టి నిజం రాయాలి. గురిపెట్టిన మైక్రోవేవ్ చేనును పడుకోబెట్టలేదని నేను అనలేను. పన్నెండు అడుగుల డిష్షూ, కల్యాణమండపానికి సరిపోయే జనరేటరూ లారీ మీద తెచ్చి, చేనుకు నడినెత్తిన ఎత్తుగా నిలబెట్టి, పది నిమిషాలు కొడితే పడుతుంది. ఊహకు అందే పనే.

ఇక మీ టవర్. అది పంపేది ఊరంతా పలచగా పరుచుకుంటుంది. సత్తిబాబు గారి చేను దగ్గరికి చేరేసరికి ఎండ ఇచ్చే వేడిలో మూడు లక్షల్లో ఒక వంతు కూడా ఉండదు. ఆ వలయానికి మూడు యూనిట్లు చేరాలంటే నాలుగేళ్లు పైగా పడుతుంది, అదీ మధ్యలో కొల్లేటి గాలి తగిలి చల్లారకుండా ఉంటే. టవరుకు కట్టిన తెల్ల డప్పు లాంటి డిష్షులు చూసి భయపడతారు గాని, ఒక్కోదాని బలం ఒక్క వాట్ కూడా ఉండదు. పైగా అవి చూసేది ఇంకో టవరును, చేనును కాదు. టార్చిలైటు ఏటవాలుగా వేస్తే వెలుగు పొడుగ్గా పడుతుంది. టవర్ పని అయితే వలయం కోడిగుడ్డులా సాగాలి. నువ్వు తాడు పెట్టి కొలిచావు, గుండ్రంగా ఉంది.

అంకెలు నమ్మకపోతే వంటింట్లో చేసింది నమ్ము. నువ్వు పంపిన కాడలు అప్పటికే లేచినవి, పరీక్షకు పనికిరావు. విశ్వనాథ్ గారి చేలోంచి నిటారుగా ఉన్నవి ఇరవై కోయించి తెచ్చాను. పది కాడల్ని మీ అత్తయ్య మైక్రోవేవ్ ఓవెన్లో ఇరవై సెకన్లు పెట్టాను. మిగతా పదింటినీ ఊరికే ఉంచాను. ఇరవయ్యింటినీ తడిగుడ్డ మీద పడుకోబెట్టాను. వేడి తగలని పదింట్లో తొమ్మిది మూడో రోజుకు కణుపు దగ్గర వంగి తల ఎత్తాయి, కణుపు కింది వైపున ఉబ్బింది. ఓవెన్లో పెట్టినవి తోటకూర వేపుడులా అలాగే పడి ఉన్నాయి. ఓవెన్లో గడ్డి వాసన పోలేదు, అదీ తలుపు గడియ కథ.

మీ ఊళ్లో మైక్రోవేవుకు సాక్ష్యమంటున్న ఆ వంగిన కణుపు బతికున్న కణుపు. ఉడికిన కాడ లేవదు. సత్తిబాబు గారు కాపలా కాస్తున్న సాక్ష్యం టవర్ తరఫునే మాట్లాడుతోంది.

కాడలు నడిమి నుంచి బయటికి పడ్డాయన్నావు. వేడికి మెత్తబడినవి ఎటు పడితే అటు ఒరుగుతాయి. ఇవి పై నుంచి గాలి తోస్తే పడినట్టు పడ్డాయి. గూడెం చుట్టుపక్కల ఇప్పుడు మందు కొట్టేది డ్రోనులే. సోమవారం నాడు ఆ చేలో ఎవరైనా డ్రోన్ ఎగరేశారా? ఆ సంగతి కనుక్కో.

అర్జీ మీద సంతకం పెట్టను. వేరే కాగితం మీద ఇదంతా రాసి సంతకం పెట్టి జత చేశాను, ఊళ్లో చదివి వినిపించు. ముందు మదార్ బండి తాళం ఇప్పించు.

టవర్ వల్ల చేను పడలేదు. టవర్ వల్ల నీకూ ఏమీ కాలేదు. ఆగస్టులో వేసిన లెక్క తప్పు కాదు. ఇంతకంటే నాకు రాయడం చేతకావడం లేదు.

హనుమంతరావు

*

గరికలంక,
1-4-2025.

మావయ్యా,

మీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన చేరింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచాను.

ఉగాది సాయంత్రం పంచాంగం చదవడం అయ్యాక అర్జీ తీశారు. "ఏమ్మా మృదులా, మీ మావయ్యగారు సంతకం పెట్టారా?" అని సత్తిబాబు గారు అడిగారు. "పెట్టారండి, మీరు రాసిన కాగితం మీద మాత్రం కాదు" అన్నాను. నిలబడి మీ కాగితం మొత్తం చదివాను. తోటకూర వేపుడు దగ్గర ఆడవాళ్లు నవ్వారు.

"అయితే మరి ఎవరు పడుకోబెట్టినట్టండీ?" అన్నారు సత్తిబాబు గారు.

మీకు రాయని సంగతి ఒకటి ఉంది. జనవరి నుంచి మా కొట్టుకు డ్రోన్ ఉంది. నాగసాయి పది రోజులు శిక్షణ తీసుకుని నడుపుతున్నారు. ఆ సోమవారం సాయంత్రం సత్తిబాబు గారి చేలో దోమకు మందు కొట్టింది ఆయనే. ఊరందరికీ తెలుసు. మిగతా చేలల్లో ఎప్పుడూ ఇలా కాలేదు కాబట్టి ఎవరూ అనుకోలేదు. నాకూ తెలుసు, మావయ్యా. రెండు ఉత్తరాల్లో రాయలేదు. మరిచిపోయి కాదు. రాస్తే మీరు వెంటనే పట్టేస్తారని.

సత్తిబాబు గారు అలా అడగ్గానే ఈయన లేచి నిలబడ్డారు. "నేనేనండి. గొట్టంలో మందు అడ్డుపడిందండి. చూద్దామని మూడు చోట్ల బాగా కిందికి దించి నిలిపానండి. నిండు ట్యాంకుతో ఉందండి. మసకలో కనపడలేదండి" అన్నారు. తిడతారనుకున్నాను. సత్తిబాబు గారు తువ్వాలు దులుపుకుని, "నేనూ యూరియా రెండు కట్టలు ఎక్కువేశాన్లెండి, అందుకే అంత మెత్తగా ఒరిగిపోయింది" అన్నారు. అర్జీ ఎవరి చేతిలోనో ఉండిపోయింది. బండి కోసం వచ్చిన మదార్‌కు తాళం నేనే అడిగి తీసుకుని ఇచ్చాను. మర్నాడు వాళ్ల పండగ. "పర్లేదమ్మా" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఇంటికొచ్చాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను. "మొదటి రోజు భయంతో చెప్పలేదు. రెండో రోజు రాత్రి నువ్వు అన్నం రెండోసారి పెట్టించుకున్నావు. అక్టోబరు తర్వాత అదే మొదటిసారి. టవర్ వల్లే అంతా అయింది అన్నావు, మొహం తేలిగ్గా ఉంది. అప్పుడిక చెప్పలేకపోయాను" అన్నారు. నిన్నా ఇవాళ పొద్దున్నా ఆయన ఒక్కరే ఆ చేలో దిగి దుబ్బులు కట్టి నిలబెట్టారు. ఇవాళ మధ్యాహ్నం నేనూ వెళ్లి కట్టాను.

ఇప్పుడు మీతో మాట్లాడాలి.

అట్లతద్ది నాడు ఊళ్లో ఆడవాళ్లందరూ ఉయ్యాల ఊగుతుంటే నేనూ ఎక్కాను. నాలుగు ఊపులు ఊగాను. "నీళ్లోసుకున్నదానివి, ఉయ్యాలేంటమ్మా" అని ఒకావిడ అంది. నవ్వేసి ఇంకో ఊపు ఊగాను. మూడో రోజు నొప్పులొచ్చాయి. ఏలూరు ఆసుపత్రికి వెళ్లేసరికే అయిపోయింది. ఉయ్యాల సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, ఈయనకూ చెప్పలేదు. అయిదు నెలలు ఆ ఉయ్యాల మీదే ఉన్నాను. సత్తిబాబు గారి చేను పడ్డాక పదిహేను రోజులు దిగాను. మీరు మళ్లీ ఎక్కించారు.

మీరు రాసిందంతా నిజమే. నాకు తెలుసు, మీ శిష్యురాలినే కదా. కానీ మావయ్యా, టవర్ తప్పు లేదని ఆగస్టులో ఒక పేజీ రాశారు, ఇప్పుడు నాలుగు పేజీలు రాశారు, దానికి సంతకం పెట్టిన కాగితం వేరే. నా తప్పు లేదని ఇన్ని నెలల్లో ఒక్క ముక్క రాయలేదు. అక్టోబరులో మీరు రాలేదు కూడా. అత్తయ్య వచ్చింది, మీరు రాలేదు. ఎందుకు రాలేదు?

మృదుల

*

ఆకివీడు, బస్టాండు,
5-4-2025.

మృదులా,

బెంచీ మీద కూర్చుని ఒళ్లో సంచి పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. మొన్న నీ ఉత్తరం అందినప్పటి నుంచీ ఇంట్లో నాలుగు సార్లు రాసి చింపేశాను. తెల్లవారగానే మీ అత్తయ్య నా చేతికి సంచి ఇచ్చి "రాసింది చాలు, బయల్దేరండి" అంది. ఇది తన సలహా, దీంట్లో నా వాటా ఏమీ లేదు.

నేను అక్టోబరులో ఎందుకు రాలేదో రాస్తాను. నువ్వు నన్ను అడుగుతావని భయపడ్డాను. "మావయ్యా, మీరు ఉండమన్నారు, ఉన్నాను, ఇలా అయింది" అంటావని. లెక్క కరెక్టేనని నాకు తెలుసు. తెలిసీ నీ మొహం చూడలేకపోయాను. చెవులు వినపడవని, కళ్లు బాగాలేవని అందరికీ చెబుతూ అయిదు నెలలు గడిపేశాను. ఆ భయం నాది. దాని బరువు నువ్వు మోశావు.

నిన్న ఏలూరు వెళ్లాను. మీ అమ్మను వెంటబెట్టుకుని నిన్ను చూసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నీ ఉయ్యాల సంగతి మీ అమ్మకు చెప్పలేదు, బయట కూర్చోబెట్టాను. నాకు సగం మాటలు వినపడవు కాబట్టి ప్రశ్న కాగితం మీద రాసిచ్చాను. "అయిదో నెలలో నాలుగు ఊపులు ఉయ్యాల ఊగితే ఇలా అవుతుందా?" అని. ఆవిడ అదే కాగితం కింద రాసింది. దీంతోపాటు మడిచి పెట్టాను, ఆవిడ చేతిరాత నువ్వు గుర్తుపడతావు. "ఉయ్యాల వల్ల కాదు. ఇలాంటివాటిలో చాలా వాటికి కారణం మాకు కూడా దొరకదు. ఆమెను ఒకసారి నా దగ్గరికి తీసుకురండి, నేను చెబుతాను" అని ఉంది.

కారణం లేకుండా ఏదీ జరగదని నీకు నేనే నేర్పాను. అది చేను వరకు సరిపోయింది. నీకు జరిగినదానికి కారణం ఏమిటో నాకు తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. కారణం దొరకలేదు కదా అని ఆ ఖాళీ చోట నిన్ను నువ్వు నిలబెట్టుకోకు. నీ తప్పు లేదు. ఉయ్యాల ఎక్కడం తప్పు కాదు, నవ్వడం తప్పు కాదు, ఏలూరు వెళ్లకుండా ఉండిపోవడం తప్పు కాదు. నీ తప్పు లేదు మృదులా. ఈ మాట ఆగస్టు పేజీ కంటే, నాలుగు పేజీల లెక్క కంటే ముందు రాయాల్సింది.

నాగసాయిని ఏమీ అనకు. అతను నోరు మూసుకున్నాడు, నేనూ మూసుకున్నాను. అతను నీకోసం చేశాడు, నేను నాకోసం చేశాను. అతనికి ఉయ్యాల సంగతి నువ్వే చెప్పు. పక్కన నన్ను ఉండమంటే ఉంటాను.

ఆగస్టులో నువ్వు నన్ను అడిగింది టవర్ గురించి కాదు. భయంగా ఉందన్నావు, ఒకసారి రండి అని దాని అర్థం. నేను లెక్క పంపాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, నా చేత్తోనే ఇస్తాను. నువ్వు చదివేదాకా ఎదురుగానే కూర్చుంటాను, తిట్టాలనిపిస్తే తిట్టు. గరికలంక ఆటో నిండిపోతోంది, డ్రైవరు నావైపు చెయ్యి ఊపుతున్నాడు. వస్తున్నాను.

మావయ్య